పని చేయని గడ్డ

“ఆపరేషన్ చేసి తీసెయ్యమని ఇంకోసారి అడగాల్సిందండీ.”

“ఏం అడగాలే? అక్కర్లేదన్నాడుగా ఆయన.”

“అక్కర్లేదంటే సరిపోద్దా? లోపల గడ్డ ఉందిగా!”

సూర్యారావుపేటలో డాక్టరుగారికి చూపించుకుని, పటమటలోని ఇంటికి ఆటోలో వెళ్తున్నారు వీరభద్రయ్య, ఆయన భార్య త్రిపుర. రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. త్రిపురకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

“ఉంటే ఉంది, దాని మానాన అది పడుంటది. కిడ్నీలో రాయుందేమోనని స్కాన్ తీస్తే, కిడ్నీ పైనున్న గ్రంథిలో ఇది కనపడింది. తియ్యకపోతే ఉన్నట్టే తెలిసేది కాదు. చాలామందికి ఉంటాయంట ఇలాంటివి. క్యాన్సర్ కాదు, ఏం కాదు. ఏడాది పోయాక ఓసారి చూసుకోమన్నాడు, అంతే.”

“మొదటిసారి ఇలా చెప్పలేదుగా.”

“ఏం చెప్పాడు మొదటిసారి?”

“అది రసం ఎక్కువ వదుల్తుంటే బీపీ పెరుగుద్ది, చెమటలు పడతాయి, ఉన్నట్టుండి కోపం వస్తదన్నారు. అన్నారా, లేదా?”

“వదుల్తుంటే అన్నాడు. వదలట్లేదని తేలిందిగా ఇప్పుడు. రక్తం చూశారు, రోజంతా పట్టిన మూత్రం చూశారు...”

“ఆ క్యాను మోసింది నేనేగా! మళ్ళీ పట్టిస్తాను. ల్యాబు వాళ్ళు ఎవరిదో మనకిచ్చుంటారు.”

“నీకేమన్నా పిచ్చా?”

“కొంచెం కూడా వదలట్లేదంటనా? పోనీ, ఓ చుక్క?”

“చుక్కా లేదు, ఏం లేదు... ఏయ్! గుంటలో దించావేంట్రా? కళ్ళెక్కడ పెట్టుకు తోలుతున్నావ్?”

“బస్సు అడ్డమొచ్చింది సార్. సారీ సార్.”

“సారీ ఏంట్రా, నడుం విరగ్గొట్టి! లైసెన్సు ఎవడిచ్చాడు నీకు?”

“ఊరుకోండి... నువ్వేం అనుకోకు బాబూ. ఆయనకి ఒంట్లో బాగోలేదు.”

“పర్లేదమ్మా.”

“చూశారా? ఇదే, ఇప్పుడు వచ్చిందే! చెమట పట్టిందా? ఏదీ, నుదురు చూడనివ్వండి.”

“ఎండకి పట్టదా ఏంటి? చెయ్యి తియ్! బాగోలేదంటావేంటి, బాగుందని ఇప్పుడేగా చెప్పాడు! ఏ ఆడదైనా మొగుడికి ఏం లేదంటే అమ్మవారికి కొబ్బరికాయ కొడతది. నువ్వేమో ఏడుపు మొహం పెట్టావు. నాకు రోగం ఉండాలా నీకు?”

“ఉండాలి.”

“ఏంటీ?”

“గుంటూరు వెళ్దాం. కాదంటే హైదరాబాదు. ఇంకో డాక్టరుగారైతే ఉందనే అంటారు.”

“ఎందుకే ఈ మంకుపట్టు?”

“మంకుపట్టా? మీకు గడ్డుందని తెలిసి పుట్టింటి నుంచి తిరిగి బయల్దేరితే, మా అమ్మ కాళ్ళావేళ్ళా పడింది, వెళ్ళొద్దని. ‘మళ్ళీ ఆ ఇంటికి పోతావా అక్కా’ అని మా తమ్ముడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ‘మీ బావ కాదురా, లోపల గడ్డ అలా అరిపిస్తోంది, రోగిష్ఠి మనిషిని వదిలేస్తామా’ అని వాళ్ళ నోళ్ళు మూయించి కూచిపూడి నుంచి వచ్చాను. క్యారేజీ విసిరికొట్టింది కూడా గడ్డేనన్నాను.”

“ఆ క్యారేజీ గొడవ ఇప్పుడెందుకు?”

“ఆటోనగర్‌లో, మన షాపు ముందు, పనివాళ్ళందరూ చూస్తుండగా. పప్పులో ఉప్పు తక్కువైందని.”

“అయిపోయిందిగా! నువ్వే అన్నావుగా, నా తప్పేం లేదు, అంతా గడ్డేనని.”

“అన్నాను. నిన్న కంచం తోసేసి మీరూ అదే అన్నారు. ‘నేను కాదే, గడ్డ’ అని నవ్వారు. నేనూ నవ్వాను.”

“మరి? బాగానే ఉందిగా. ఇంటికెళ్ళి ఇంత పప్పుచారు పెట్టు, ఆకలేస్తోంది. ఇంక దాని ఊసెత్తకు.”

“ఏమండీ.”

“మళ్ళీ ఏంటి?”

“ఒక్క మాట చెప్పండి. అది నిజంగా ఏమీ చేయట్లేదన్నారా?”

“చెవుడా నీకు? ఎన్నిసార్లు చెప్పాలే? ఏమీ చేయట్లేదు! అప్పుడూ చేయలేదు, ఇప్పుడూ చేయట్లేదు! ఒట్టి గడ్డ!”

“అయితే ఇన్నేళ్ళూ అరిచింది మీరే.”

“...ఏంటే?”

“బాబూ, ఆటో ఆపు. సారు ఇక్కడ దిగుతారు. నన్ను వెనక్కి బస్టాండుకి తీసుకెళ్ళు, కూచిపూడి బస్సెక్కాలి.”