ఎముకలోడే పెద్ద తురుపు

కోటిలింగమని ఒక జోస్యుడుండేవోడు. వాడి పెళ్ళాం పైడితల్లి. కథ ఆవిడిదే అనుకోండి, కానీ ముందు వాడి ముక్కల సంగతి చెప్పాలి. అవి మన పేకముక్కలు కావు. భీమిలి రేవులో ఓడ దిగినోడెవడో వాడి తాతకిచ్చేడంట. కత్తులు, కర్రలు, గిన్నెలు, కాసులు అని నాలుగు రంగులు, అవి కాక ఇరవైరెండు బొమ్మలు. సూర్యుడు, చంద్రుడు, తలకిందులుగా వేలాడేవోడు, గుర్రమెక్కిన ఎముకలోడు. వాటిలో అమ్మవారుందని, ఆడోళ్ళు ముట్టుకుంటే కళ్ళు పోతాయని చెప్పేవోడు. మరి వాటి దుమ్మెవరు దులిపేవోరు? పైడితల్లే. కళ్ళు బాగానే ఉన్నాయి.

ఏమైందంటే, పైడితల్లికి అన్న కూతురు ఎర్నమ్మ ఉంది. తల్లి లేని పిల్ల, ఈవిడే పెంచింది. పక్కవీధి అచ్చియ్యమ్మ కొడుక్కిద్దామని అన్నీ కుదిరేయి. పిల్లకీ పిల్లాడికీ ఇష్టమే. అంతా బాగుంటే అచ్చియ్యమ్మకి నిద్ర పట్టదు కదా, ముక్కలడుగుదామంది. ఎర్నమ్మ చేత తీయించేరు. ఎముకలోడొచ్చేడు. పెళ్ళాం మేనకోడలని కోటిలింగం చూసేడా? చూడలేదు, సత్యవంతుడు కదా. ఈ పిల్ల కాలెట్టిన ఇంట్లో శవం లేస్తాదని చెప్పేసి, నిమ్మళంగా వెళ్ళి అన్నం తినేసేడంట. సంబంధం పోయింది. పిల్ల తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. పైడితల్లి మొగుడు తిన్న కంచం తీసి కడిగేసింది. మొగుడితో గొడవపడే మనిషి కాదావిడ.

ఆ వారమే వాడు చెల్లెలింటికి బారసాలకెళ్ళేడు. శుభానికి ఆ ముక్కలు పట్టుకెళ్ళకూడదని దూలం మీద పెట్టి వెళ్ళేడు. ముసురు పట్టింది, ఎవరికీ పన్లేదు. అచ్చియ్యమ్మకేమో బేస్తు ఆటంటే పిచ్చి. ఆవిడ పేకముక్కలు మొగుడు పొయ్యిలో పెట్టేసి అప్పటికి నెల. పైడితల్లి వెళ్ళి, వదినా, మా ఇంట్లో ముక్కలున్నాయి, ఆడదాం రా అందంట. ఏ ముక్కలని అడగలేదావిడ. వచ్చి చూసి గుండె మీద చెయ్యేసుకుంది, అమ్మో అమ్మవారు, కళ్ళు పోతాయి అంది. అంటూనే కూచుంది. బేస్తుకి ముగ్గురు కావాలి కదా, మూడో చెయ్యి ఎర్నమ్మది. కాదన్న పిల్ల ఎదురుగా కూచోడానికి కాస్త మొహమాటపడింది గానీ, ముక్కలు పంచేక మొహమాటమెక్కడ? పైడితల్లి ఏం చెప్పిందంటే, బొమ్మలన్నీ తురుపులు, అన్నిటికన్నా పెద్ద తురుపు ఎముకలోడు.

మొదటిసారి వాడు చేతికొస్తే అచ్చియ్యమ్మ ఆ ముక్కని కొంగుతో పట్టుకుంది. పట్టు ఆవిడకే వచ్చింది. రెండోసారికి కొంగు వదిలేసింది. మూడోనాటికి, పైడితల్లి ముక్కలు కలుపుతుంటే ఈవిడ కళ్ళు మూసుకుని, రా నాయనా ఎముకలోడా, రా నా తండ్రీ అని దండం పెడతందంట. వచ్చేడు. చాప అదిరేలా కొట్టింది.

అప్పుడు ఎర్నమ్మ, అన్నాళ్ళూ నోరు విప్పని పిల్ల, తలెత్తకుండా అడిగింది.

"నాకొక్కసారొస్తే పెళ్ళి పోయింది. నీకీ మూడ్రోజుల్లో తొమ్మిదిసార్లొచ్చేడు. మీ ఇంట్లో అందరూ బాగున్నారా అత్తా?"

అచ్చియ్యమ్మ ఆ ముక్కని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. బాగానే ఉన్నారే అంది, ఎవరో మోసం చేసినట్టు. ఆ వెంటనే, మా వోడు కూడా నీలాగే తిండి మానేసేడే అని మెల్లగా అంది.

సరిగ్గా అప్పుడే కోటిలింగం తడిసి ముద్దై గుమ్మంలో దిగేడు. అమ్మవారు వెళ్ళిపోయిందని, కళ్ళు పోతాయని, ఇంక ఈ ఊరికి దిక్కు లేదని మొదలెట్టేడు. అచ్చియ్యమ్మ తిరిగి చూడకుండా, ఉండన్నయ్యా, ఆట మధ్యలో ఉన్నాం అంది. పైడితల్లి మాత్రం నెమ్మదిగా,

"నీ అన్నం ఉట్టి మీదుంది. తినిరా, నీకూ పంచుతాం" అంది.

ముహూర్తం ఆ నెలలోనే పెట్టేరు. కోటిలింగం రెండ్రోజులు అలిగేడు. మూడోనాడు, పిల్ల పెళ్ళి పనుల్లో పడితే, ఆ ఖాళీలో వాడే కూచున్నాడు. పెళ్ళి పందిట్లో కూడా ఆడేడంట. లోకంలో అందరి రేపూ చూసే మనిషి కదా, ఒక్క ఆటన్నా గెలిచేడా అని మాత్రం అడక్కండి. పక్కనే కూచున్న పెళ్ళాం చేతిలో ఏ ముక్కుందో వాడికి ఈనాటికీ తెలీదు.