లోపటి గడియ

"అవ్వా, గంతసేపు బాత్రూంల ఏం జేస్తున్నవ్? ఎంత కొట్టినా పలుకకపోతివి, నా పానం పోయినంత పనైంది. నాయిన ఆ గడియ ఊడబీకమన్నడు."

ఊడబీకుదువులే గని, ముందుగాల గా స్క్రూడ్రైవర్ పక్కకు వెట్టు శ్రావణీ. ఇట్ల గూసో. పడలే బిడ్డా, మంచిగున్న. నీళ్ల సప్పుడుకు ఇనవడలే, గంతే. కొత్తింట్ల ఏం నచ్చిందవ్వా అని మొన్న అడిగితివి గదా? లిఫ్టు అంటననుకున్నవ్. కాదు, గా లోపటి గడియ. నవ్వకు. ఎందుకో చెప్త, ఇను.

నారాయణపేటల మా ఇల్లంటే ఒక్కటే అర్ర. అందుల సగం గుంట మగ్గం. అంటే నేలల గుంత తవ్వి, కాళ్లు అందుల వెట్టి నేసేది, తెలిసిందా? మిగిలిన సగంల వంట, పడక, మేమంత. తానానికేమో వాకిట్ల మూలకు ఒక బండ, రెండు గుంజలు, వాటికి అడ్డంగ ఒక పాత చీర. ఊరోళ్ల పెండ్లిండ్లకు పట్టుచీరలు నేసే ఇల్లు, మా అమ్మకు చాటున్న చీరేమో మాసికలది. ఆ పక్కపొంటే బాట. గాలొస్తే చీర లేస్తది. అందుకని ఒక చేత చీర వట్టుకొని, ఒక చేత చెంబుతోని పోసుకునేది. రెండు చేతులతోని తానం జేసిందా అంటే... ఆఁ, ఒకసారి మా చిన్నమ్మ ఊరికి పోయినప్పుడు... లేదు లేదు, ఆడ గూడ తడకేనాయె. ఏనాడు జెయ్యలే బిడ్డా.

నన్నేమో బాట దిక్కు కావలి నిలవెట్టేది. "ఎక్కాలు సదువు, గట్టిగ సదువు" అనేది. నా గొంతు ఇనవడితే లోపట ఆడోళ్లున్నరని ఎరుకై, మొగోళ్లు అటుకెళ్లి తిరిగి పోయేటోళ్లు. నేను పంతులమ్మనైనంక తోటి టీచర్లు అడిగేది, ఎక్కాలు గింత మంచిగ ఎట్లొచ్చినయ్ అని. ఏమని చెప్పాలె! ఒక్క పదమూడో ఎక్కం కాడ తడవడేది. పదమూడు ఏడ్ల... అని ఆగంగనే, బడి మొఖం సూడని మా అమ్మ లోపటికెళ్లి "తొంభై ఒకటి! ఆగకు బిడ్డా!" అని అందిచ్చేది. ఇని ఇని ఆమెకు గూడ వచ్చినయ్.

ఇయ్యాల గడియ వెట్టుకొని స్టూలు మీద గూసున్న. రెండు చేతుల నిండ సబ్బు. తలుపు దిక్కు సూసుడు లేదు. వేడినీళ్లు ఎన్ని కావాల్నంటే అన్ని. గిది ఎంత సుఖమో నీకు తెల్వది, తెల్వకపోవుడే మంచిగైంది. మా ఈడు మొగోళ్లు కొందరంటరు, ఆ దినాలే మంచియని. వాళ్ల అమ్మలను ఒక్కసారన్న అడిగిన్రో లేదో.

మీ నాయినది భయమే, తప్పు వట్ట. పోయినేడు కాలు జారింది నిజమే గదా. అందుకే ఒక ఉపాయం చెప్త. గడియ ఉండనియ్యి. నేను లోపట గట్టిగ ఎక్కాలు సదువుకుంట తానం జేస్త. ఇనవడ్తున్నంతసేపు నీ పని నువ్వు జేసుకో. ఆగితే కొట్టు. కొట్టినా పలుకకుంటే అప్పుడు తలుపు ఇరగ్గొట్టుండ్రి, నేనేమనను.

సరేనా? మా తల్లే. సల్లగుండు బిడ్డా, నీ గడియ ఎప్పటికీ నీ చేతులనే ఉండాలె.

ఆఁ, ఒక్కటి యాదుంచుకో. పదమూడో ఎక్కం నడుమ ఆగితే మాత్రం పడ్డననుకోని ఉరికిరాకు. తొంభై ఒకటి అని బయటికెళ్లి నువ్వు అందియ్యి...