మాయవాళ్ళ దిబ్బ

ఐర్లండులోని మేయోలో ఆ రాళ్ళదిబ్బ దగ్గర గైడు, ఎక్కినవాళ్ళని ఎత్తుకుపోయే మాయవాళ్ళ కథ చెప్పి బస్సు జనాన్ని నవ్వించింది. అందరూ ఫొటోలకని దిబ్బెక్కారు. బోస్టన్ నుంచి వచ్చిన ముసలావిడ మాత్రం కిందే నిలబడిపోయింది.

“మీరెక్కరా అమ్మా? మాయవాళ్ళంటే భయమా?”

“అక్కడ మాయవాళ్ళెవరూ లేరమ్మాయ్. మా తమ్ముడున్నాడు.”

గైడు నవ్వు ఆగిపోయింది. “ఇక్కడ పూడ్చారా?”

“మేం ఈ ఊళ్ళో ఉన్నప్పుడు పుట్టి, జ్ఞానస్నానం కాకుండానే పోయాడు. అలాంటి పసివాళ్ళని చర్చి శ్మశానంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. నాన్న ఒక్కడే ఇక్కడికి మోసుకొచ్చాడు. మేం తొక్కకూడదని అమ్మ ఈ మాయవాళ్ళ కథ చెప్పేది.”

“మాదీ ఈ ఊరే. ఈ కథ నాకు మా నాయనమ్మ చెప్పింది.”

“నిన్ను దిబ్బ ఎక్కనిచ్చేదా?”

“ఎప్పుడూ ఎక్కనివ్వలేదు. దగ్గరికి పోతే ఏడ్చేది.”

ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. “అయితే మీవాళ్ళూ ఉన్నారన్నమాట.”

గైడు దిబ్బవైపు తిరిగింది. “దిగండి,” అంది. పైన ఫొటోల సందడిలో ఎవరికీ వినబడలేదు.