డబ్బాలో మిగిలిన ఒక్క పేరు

యలహంక పాతూరులో, వంటింటి గడప పక్కన, నానబెట్టిన అనపగింజల గిన్నెకు చెరోవైపు కూర్చుని సరోజమ్మ, ఆమె మొగుడు చిన్నప్ప పప్పు పితుకుతున్నారు. చిన్నప్ప ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్సు ఏజెంటుగా తిరిగి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాడు. సరోజమ్మకు పొద్దుటినుంచి ఒళ్ళు మండుతోంది.

“అది కాదప్పా, ఆ డబ్బాను పాత సామాన్లు కొనేవానికి ఏసేద్దామా, వద్దా? అది చెప్పు ముందు.”

“దాన్ని డబ్బా అనొద్దు. డిజిటల్ డైరీ.”

“పేర్లు, నంబర్లు, పుట్టిన దినాలు పెట్టుకునే డబ్బా. నేనన్న దాంట్లో తప్పేముండాది?”

“తప్పేం లే. బీరువాలో ఒక మూలన పడుండాది. నీకేం అడ్డమొచ్చింది?”

“మేఘన ఫోను కొనిచ్చె. అక్షరాలు పెద్దగా కనబడతాయని ట్యాబు తెచ్చె. తన పాత ల్యాప్‌టాప్ కూడా నాయనకే అనె. బిడ్డ మూడు ఇచ్చింటే, ఆ నాలుగోది ఎందుకు నీకు?”

“ఫోను సాయంత్రానికి చచ్చిపోతాది. ట్యాబు ఎప్పుడు చూసినా నీ వంటల వీడియోలకే సరిపోతాది. ల్యాప్‌టాప్ తెరుచుకునే లోపల నేను కాఫీ తాగి లోటా కడిగి బోర్లించొచ్చు. డైరీ అట్ల కాదు. ఒత్తితే వస్తాది. ఇంటర్నెట్ వద్దు, ఓటీపీ వద్దు.”

“ఎవురికీ చెప్పదు కూడా.”

“ఏమంటివి?”

“ఫోన్లో రాస్తే ట్యాబులో కనబడతాది, ల్యాప్‌టాప్‌లో కనబడతాది. మేఘన అట్ల కలిపి పెట్టింది. మొన్న నువ్వు షుగరు డాక్టరు దగ్గరికి పోయే దినం, నేను తిరగమాత ఏస్తా ఉంటే నా ముందర ట్యాబు టింగుమనె. ఆ డబ్బా ఒక్కటే దేనితోనూ కలవదు.”

“పాతకాలంది. అప్పుడు కలిపేది యాడ ఉండె?”

“అదే నీకు నచ్చింది.”

“సుమ్నే, ఊరికూరికే మాట్లాడతా ఉండావు. చూసి పితుకు, పొట్టు పప్పులో పడతా ఉండాది.”

“నా చేతులు నేను చూసుకుంటా. దసరా సెలవుల్లో డబ్బాలో పేర్లన్నీ ఫోన్లోకి ఎక్కించితిరి. నువ్వు చదివితివి, మేఘన కొట్టె. ఎన్ని పేర్లు?”

“మూడు నూర్ల పైనే. పుట్టిన దినానికి తప్పకుండా ఫోన్ చేసి పలకరించబట్టే కదా, అంతమంది నన్ను ఇడవకుండా పాలసీలు కట్టింది.”

“నేను ఇక్కడే దోసెలు పోస్తా వింటి. ఇంగ్లీషు అక్షరాల వరసలో పోతా ఉంటివి. ఉమాపతి చదివితివి. ఆ ఎనక ‘కొంచెం నీళ్ళియ్యి మేఘనా’ అంటివి. నీళ్ళు తాగి వెంకటలక్ష్మి చదివితివి. నడుమ ఒకరు ఉండాల.”

“యాదో తప్పిపోయింటాది.”

“మూడు నూర్లలో ఒక్కటి. వరూధిని.”

“అనపకాయలు ఈసారి బలే లేతగా ఉండాయి.”

“వరూధిని అంటి.”

“వింటి, వింటి. బ్రాంచిలో క్లర్కు. మైసూరుకు పోయి ఇరవై ఏండ్లాయె. ఏం చెప్పల్ల ఇప్పుడు?”

“ఆ డబ్బా ఆయమ్మ ఇచ్చిందే కదా.”

“ఇచ్చింది ఆఫీసోళ్ళు. ఎక్కువ పాలసీలు చేసినానని ప్రైజు. ఎట్ల ఒత్తాలో ఆయమ్మ చూపించె, అంతే.”

“చూపించేకి తన పేరే ఎక్కించె. దాంట్లో మొదటి పేరు. నువ్వే చెప్పినావు, నవ్వుకుంటా చెప్పినావు. ఆ నవ్వు నేను ఇప్పటికీ మర్చిపోలే.”

“కుళ్ళు నీకు.”

“కుళ్ళే. ఎవురు కాదన్నారు? ఊరందరి పుట్టిన దినాలూ దాంట్లో ఉండాయి, నాది లేదు.”

“నీది ఎవురికి తెల్సు? ఇస్కూల్లో అయ్యవారు జూన్ ఒకటని రాసేసె. మీ యమ్మేమో కార్తీకంలో జడివాన పడిన దినం అనె. ఏది ఎక్కించాల?”

“రెండూ ఎక్కించింటే రెండుసార్లు పలకరిస్తా ఉంటివి.”

“సరే, రేపే ఎక్కిస్తా.”

“రేపటి మాట వద్దు. ఈ పొద్దు ఆయమ్మ పుట్టిన దినం. ఏడు గంటలకు మిద్దె మీదికి పోతివి. ఈ చలిలో, మంకీ క్యాప్ కూడా లేకుండా.”

“విష్ చేసినా. నాలుగు మాటలు.”

“పావుగంట.”

“మోకాళ్ళ నొప్పులని చెప్తా ఉంటే నడుమ కట్ చేసేదా? చూడు సరోజా, నాకు ఎవురి పుట్టిన దినమూ గుర్తుండదు. అది నీకూ తెల్సు. అదంతా డైరీ పని. పొద్దున బీరువాలో కుయ్‌కుయ్ మన్నది, పేరు చూసినా, చేసినా. కుయ్ మనకపోతే చెయ్యను.”

“అంటే ఆయమ్మ నీ మనసులో లేదు. డబ్బాలో ఉండాది.”

“ఇంతసేపూ నేను చెప్పింది అదే కదా.”

“డబ్బా పోతే మర్చిపోతావు.”

“మర్చిపోతా.”

“నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు.”

“చెయ్యంతా తడి.”

“తడి అయితే ఏం, పెట్టు.”

“ఇదో, పెట్టినా. ఆ మిషను గుర్తు చేసె, నేను ఫోన్ చేసినా. ఇంగ ఇడిచిపెట్టు, బేజారైపోయింది నాకు.”

“ఇడిచిపెడతా. ఆదివారం నువ్వు కటింగుకు పోయినప్పుడు ఆ డబ్బాలో సెల్లులు తీసేసినా. పెద్దవి రెండూ, ఆ పక్కనుండే చిన్న బిళ్ళా, అన్నీ ఒకేసారి. ‘ఒకేసారి తీస్తే పేర్లన్నీ తుడుచుకోని పోతాయమ్మా, జాగ్రత్త’ అని మేఘన అప్పుడే చెప్పింది. అందుకే తీసినా. ఈ పొద్దు గురువారం. నాలుగు దినాలాయె, ఆ డబ్బాలో ఒక్క పేరూ లేదు, దానికి నోరూ లేదు. పొద్దున ఆ కుయ్‌కుయ్ మన్నది యాడప్పా?”