సత్యభామ గారు తప్పిన పరీక్ష

శ్రీమతి సత్యభామ గారు 1994 జూన్ 13వ తేదీన బొమ్మనహళ్ళిలోని మా కుట్టు శిక్షణ కేంద్రంలో బోధకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి కేంద్రానికి ఉన్నవి ఒక రేకుల షెడ్డు, ఆరు కుట్టు మిషన్లు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఆమెకు కన్నడం బొత్తిగా రాదు. ఏడాది తిరిగేసరికి రెండు భాషలలోనూ పాఠం చెప్పి, రెండు భాషలలోనూ మందలించగలిగే స్థాయికి చేరుకున్నారు.

2003లో ప్రధాన బోధకురాలిగా, 2014లో పాఠ్య ప్రణాళికాధికారిణిగా పదోన్నతి పొందారు. కంప్యూటర్ విభాగంలో పనిచేసే నాకు ఆమెతో కలిసి పనిచేసే భాగ్యం 2023లో కలిగింది. కాగితపు సర్టిఫికెట్లకు బదులు ఫోనులో కనిపించే డిజిటల్ బ్యాడ్జీలు ఇవ్వాలని బెళ్ళందూరులోని మా ప్రధాన కార్యాలయం ఆ ఏడు నిర్ణయించింది. ఆ బ్యాడ్జీ చూసే దుస్తుల కర్మాగారాల వారు సూపర్‌వైజర్లను ఎంచుకుంటారు. దానిని ఎవరికి ఇవ్వాలో ప్రమాణాలు రాసే పని మా ఇద్దరికీ అప్పగించారు.

మాకు తోచినంతలో, కంప్యూటర్ లెక్కించగలిగినవే రాశాం: వీడియో పాఠాలన్నీ చూడాలి, ఫోనులో నలభై ప్రశ్నలకు కనీసం ముప్పై రెండు సరిగ్గా చెప్పాలి. మొదటి ఫలితాలలో, చేరి మూడు నెలలైనా నిండని, ఒక్క చొక్కా కూడా పూర్తిగా కుట్టని చాందినికి బ్యాడ్జీ వచ్చింది. పన్నెండేళ్ళుగా కుడుతున్న హనుమక్కకు రాలేదు. కంప్యూటర్ సక్రమంగానే పనిచేసింది, మా నియమమూ స్పష్టంగానే ఉంది. మరి పొరపాటు ఎక్కడ జరిగిందో మాకు అంతుపట్టలేదు.

హనుమక్క నేరుగా మా గదికి వచ్చింది.

"మేడమ్, చదివేది నాకు రాదు. పన్నెండేండ్లుగా కుడతా ఉండాను. ఇప్పుడు నాకు పని వచ్చునా రాదా, మీరే చెప్పండి."

హనుమక్క వెళ్ళాక సత్యభామ గారు నా ఫోను తీసుకుని తామే ఆ పరీక్ష రాశారు. ఇరవై ఏడు వచ్చాయి.

"శామ్యూల్, నాకూ కుట్టడం రాదంట!" అని నవ్వి, అంతలోనే గంభీరులై, "వీటిలో సగం నేను రాసినవే కదయ్యా!" అన్నారు.

ఆ తరువాత మాకు దారి తెలియలేదు. వేగాన్ని కొలిస్తే నాణ్యంగా కుట్టేవారికి అన్యాయం. నాణ్యతను కొలిస్తే, పదిమందికి నేర్పగలిగే వారెవరో తెలియదు. పదకొండు ముసాయిదాలు రాసి పక్కన పెట్టాం. చివరకు, ఇద్దరు బోధకుల ఎదుట కాలరు కుట్టాలి, మరొకరు కుట్టిన చొక్కాలో లోపం పట్టుకుని తమ భాషలో నోటితో వివరించాలి అని రాశాం. అది ఆమోదం పొందేవరకు ఏ బ్యాడ్జీ మీదా సంతకం చేయనని ఆమె ప్రధాన కార్యాలయానికి లేఖ రాశారు. నాలుగు నెలల తరువాత వారు అంగీకరించారు. హనుమక్క నేడు ముప్పై మిషన్ల వరుసకు సూపర్‌వైజర్.

ప్రమాణాలు మారాయని విని చాందిని బెదురుతూ వచ్చింది. "నా బ్యాడ్జీ తీసేస్తారా మేడమ్?"

"నువ్వేం మోసం చెయ్యలేదమ్మా, మేమడిగింది చేశావు. తప్పు మాది. ఉండనీ."

చాందిని ఒప్పుకోలేదు. తానే దానిని రద్దు చేయించుకుంది, కొత్త పరీక్షలో ఒకసారి తప్పి, రెండవసారి నెగ్గింది. ఈ మధ్యలో ఆమెకు రావలసిన ఒక ఉద్యోగం చేజారింది. మేము చేసింది న్యాయమేనా అని మొన్న సత్యభామ గారిని అడిగాను. "నాకూ తెలీదు. ప్రమాణం రాసిన ప్రతిసారీ ఎవరు బయట మిగిలిపోయారో వెతుకు," అన్నారు.

ఈ మే 31న వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఎంబ్రాయిడరీ కోర్సు బ్యాడ్జీకి ప్రమాణాలు రాసే పని ఇక నా ఒక్కడిదే, ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా తోచడం లేదు. కనుక సత్యభామ గారు, వారి భర్త నాగరాజ్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, నేను ఎప్పుడు ఫోను చేసినా ఆమె ఎత్తి ఓపికగా మందలించాలని, కొంత స్వార్థంతోనే, మనసారా కోరుకుంటున్నాను.