అక్క సదివింది, తమ్ముడు ఇన్నడు

"అమ్మమ్మా, మా పాపకు ఇంట్ల రోజూ పుస్తకం చదివి వినిపించమని టీచర్ చెప్పింది. మీ ఇంట్ల ఐదుగురు పిల్లలు కదా, ఎవరు చదివేటోళ్లు?"

ఎవరు సదువుతరు బిడ్డా... మా స్రవంతే. నా కొడుకు రమేష్ లేడా, వాని పెద్దబిడ్డ. నువ్వు చూడలేదు ఆ పిల్లను, నువ్వు ఈ పాపకూర ఊరికి రాకముందటి ముచ్చట ఇది.

నేను ఈ దేశం వచ్చినప్పుడు స్రవంతి ఒక్కతే. మా కోడలు లత దాన్ని ఒళ్లె కూసోబెట్టుకొని సదివేది సూడు, అబ్బ! కుక్కొస్తే కుక్క లెక్క అరిచేది, ముసలమ్మొస్తే నా లెక్క మాట్లాడేది. నాకు ఇంగ్లీషు ముక్క రాకపాయె, అయినా నవ్వొచ్చేది. రమేష్ గూడ పనికెళ్లి వచ్చి, అంగి ఇప్పకముందే బిడ్డ పక్కకు ఒరిగేటోడు. బడికి పోకముందే పిల్ల గడగడ సదివింది.

ఇగ ఎన్క ఒకరెన్క ఒకరు. ఇద్దరు ఆడపిల్లలు, తర్వాత వినయ్, ఆఖరుకు చంటిది. రమేష్ డెయిరీ పెట్టిండు. గదే, పాలు, బ్రెడ్డు అమ్మే కొట్టు, ఈడ డెయిరీ అంటరు గద. కొట్టు ఇడిసి వచ్చుడు వశం గాకపోయేది. లతకేమో రెస్ట్ హోమ్ల ముసలోళ్లను చూసుకునే పని, ఇయ్యాల పొద్దటి షిఫ్ట్, రేపు రాత్రిది. నేను వండుడు, తానాలు పోసుడు. నాకేం సదువొచ్చు? జగిత్యాలల మా అన్న ఇసుకల అచ్చరాలు దిద్దిచ్చిండు, గంతే. పలక అడిగితే ఆడపిల్లకెందుకన్నరు మా నాయిన... అది ఇడిసిపెట్టు. ఏం చెప్తున్న? ఆఁ, వినయ్.

వాడు పుస్తకం తెస్తే లత "అక్కతోని సదివిచ్చుకో పో" అనేది. ఏం జేస్తది పాపం, నిలబడే ఓపిక లేకుండె. స్రవంతి అన్నం తినుకుంటనే సదివేది, పక్కన తమ్ముడు, ఒళ్లె చంటిది. దాని హోంవర్కు అట్లనే పడి ఉండేది. "మా పెద్దది ఉంది, నాకేం రంది" అని రమేష్ అందరికీ చెప్పుకునేటోడు.

ఒకపాలి వినయ్‌కు సదువుడు వస్తలేదు, మాట్లాడాలె రమ్మని టీచర్ కబురు వెట్టింది. ఇద్దరికీ తీరలే. స్రవంతే పోయింది. "నువ్వు గాదమ్మా, మీ అమ్మనో నాయిననో రావాలె" అన్నదట. ఆమె అన్నదాంట్ల తప్పు లేదు, గని పిల్ల మొఖం సిన్నబోయింది.

ఆ ఆదివారం రమేష్ కొట్టు లతకప్పజెప్పి ఇంట్ల కూసున్నడు. "దా రా వినయ్, సదువు." పోరడు పేజీలు తిప్పుకుంట టకటక సదివిండు. రమేష్ మొఖం ఎలిగిపోయింది. "చూసినవా అమ్మా? మంచిగనే సదువుతుండు, ఆ టీచర్‌కే తెల్వది."

స్రవంతి వచ్చి ఒక మాట మీద ఏలు పెట్టి "ఇదేంది రా?" అన్నది. వాడు అక్క దిక్కు చూసిండు. ఇంకో మాట చూపెట్టింది. తెల్వది. కథంత నోటికొచ్చు బిడ్డా, అక్క సదవంగ ఇని ఇని. సదువుడు మాత్రం రాదు. ఎనిమిదేండ్ల పోరడు!

రమేష్ స్రవంతి మీద లేచిండు. "ఇన్నేండ్లు నువ్వు నేర్పింది గిదేనా?"

ఆ పిల్ల ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడేది, ఆ పొద్దు తెలుగుల అన్నది: "నాన్నా, నేను వాని అక్కను. నాకు కూడా ఎగ్జామ్స్ ఉన్నయి. నేను చదువుతున్ననా లేదా ఎప్పుడన్న అడిగినవా?"

వినయ్ ఏడ్సుకుంట పుస్తకం అక్క చేతుల పెట్టవట్టె. "అక్కా, ఒన్స్ మోర్ చదువు, ఈసారి మంచిగ వింట" అంటడు. అది పుస్తకం బల్ల మీద పెట్టి లోపలికి పోయింది.

ఆ యేడు స్రవంతి పరీక్షలు తప్పింది. మళ్ల రాయమని ఎంత బతిలాడినా ఇనలే. పట్నం ఆ కొసకు ఆల్బనీల యూనివర్సిటీ ఉంది గద, ఆడ సదువుతదని ఎంత ఆశపడ్డమో. ఇప్పుడు ఆడనే ఉంటది, దోస్తులతోని ఫ్లాట్ల. మాల్‌ల బట్టల షాపుల పని. ఫోన్ జేస్తే నాతోని రెండు మాటలు, నాయినతోని అవి గూడ లేవు.

వినయ్‌కు స్కూల్ల వేరేగ నేర్పిస్తున్నరు. తోటి పోరగాళ్లు నవ్వుతరని పోనంటడు. రమేష్ ఇప్పుడు కొట్టుకు మనిషిని పెట్టి వాని పక్కన కూసుంటడు. పోరడు నోరు తెరవడు. లతను చూస్తెనేమో... ఎవలననాలె బిడ్డా? ఎవలూ ఊకె కూసోలే గద మా ఇంట్ల.

నువ్వు సదువు తల్లీ. ఇంకొకరు పుట్టినా నువ్వే సదువు, పెద్దదాని మీద ఎయ్యకు. సల్లగ ఉండున్రి, నీ పిల్లలు నీ కండ్ల ముంగట పెరగాలె... మాకైతే ఇగ ఆ పిల్ల ఫోన్ల రెండు మాటలే...