పార్టీ అంచు పంచె

తిరుత్తణి సభకని బావ ఇస్త్రీ చేసిన, పార్టీ రంగుల అంచున్న పంచె కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటే, కబురు మోసుకొచ్చిన బావమరిది ఎదురొచ్చి ఆపాడు.

“బావా, ఈపొద్దు మీరు స్టేజి ఎక్కొద్దని చెప్పినారు.”

“ఎవురు?”

“జిల్లా సెక్రటరీ. పాండూరు మీటింగు వీడియో ఊరూరా చూసినారు. ఓట్లు పోతాయంటా ఉండారు.”

“నీళ్లు లేవని రైతులు అరిస్తే, అందురూ కూచోని ఏడ్చండి, పూండి చెరువు నిండుతుందంటిని. నవ్వించేదానికే కదరా! ఇన్నేండ్లూ పార్టీ నన్ను స్టేజి ఎక్కించింది అందుకే కదా!”

“ముందు వరసలో ఒకామె నవ్వలేదు బావా. ఆమె కొడుకు పోయిన నెల ఆ చెరువులో మిగిలిన మడుగులోనే ఈతకు పోయి మునిగిపోయినాడు.”

బావ అరుగు మీద కూలబడ్డాడు.

“ఆమె ఇల్లు యాడ?”

“పాండూరులోనే. పోవద్దు బావా. మీరు మళ్లా నోరు తెరిస్తే పార్టీకి ఇంకా నష్టమంటారు.”

బావ లోపలికి వెళ్లి అంచులేని పాత పంచె కట్టుకుని వచ్చాడు. విప్పిన పంచెను మడిచి బావమరిది చేతిలో పెట్టాడు.

“ఇది పార్టీవాళ్లకిచ్చెయ్. నేను మాట్లాడేదానికి పోవడం లేదురా. ఆమె తిడితే వినేదానికి పోతుండా.”